నా అనుభవం: మోటారు డబ్బాకు చుట్టుకున్న పేటెంటు

"బాబాయ్, నీ డబ్బాకి ఉలుకూ లేదు, పలుకూ లేదు."

2023 వానాకాలంలో కొల్లిపర నుంచి ఒక అరటి రైతు ఫోన్ చేసి అన్న మాట ఇది. ఫ్యూజు పోయి ఉంటుందిలే అనుకున్నాను. ఆ ఒక్క ఫోను నన్ను ఏడాది తిరక్కుండా హైదరాబాదులో పేటెంట్ల లాయరు ముందు కూర్చోబెడుతుందని, ఢిల్లీ హైకోర్టు తీర్పులు అర్ధరాత్రి దాకా చదివిస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి.

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. నేను, బోర్డులు సోల్డరింగ్ చేసే ఇద్దరు కుర్రాళ్ళు, లెక్కలు చూసే మా బావమరిది. అంతే. పొలాల్లో మోటార్లకు సెల్‌ఫోనుతో నడిచే స్టార్టరు డబ్బాలు చేస్తాం. డబ్బాలో రైతు పేరు మీదే ఒక సిమ్ము ఉంటుంది. రైతు ఇంటి దగ్గర నుంచి దానికి మిస్డ్ కాల్ ఇస్తాడు. వచ్చిన నంబరు తనకు తెలిసిందైతే డబ్బా కాల్ కట్ చేసి లోపలి స్విచ్చు, అంటే రిలే, కొడుతుంది, మోటారు తిరుగుతుంది. ఇంకోసారి ఇస్తే ఆగుతుంది. కాల్ కలవదు కాబట్టి పైసా ఖర్చు లేదు. రాత్రి కరెంటు రోజుల్లో టార్చిలైటు పట్టుకుని పాముల భయంతో గట్ల మీద నడిచినవాళ్ళకు దీని విలువ నేను చెప్పక్కర్లేదు.

కొల్లిపర వెళ్ళి చూస్తే ఫ్యూజు బాగానే ఉంది. మూడు ఫేజులూ ఉన్నాయి. డబ్బాలో సిగ్నల్ లైటు మాత్రం ఆగకుండా గబగబా కొట్టుకుంటోంది. టవరు దొరక్క వెతుక్కుంటోందని దానర్థం. నా ఫోను తీసి చూస్తే గీతలు నిండుగా ఉన్నాయి. అనుమానం వచ్చి సెట్టింగ్స్‌లో '2జీ మాత్రమే' అని పెట్టాను. గీతలు మాయం. మా డబ్బాలో టవరుతో మాట్లాడే ముక్కను మాడ్యూలు అంటాం, అది 2జీది. టవరు అక్కడే ఉంది, కంపెనీ అదే, కానీ అది మాట్లాడే భాష మారిపోయింది.

ఆ తర్వాత రెండు నెలల్లో అలాంటి ఫోన్లు పదిహేను దాకా వచ్చాయి. దుగ్గిరాల, అమర్తలూరు, ఒకటి చిలకలూరిపేట అవతల నుంచి. కంపెనీలు తమ తరంగాలను ఒక్కొక్కటిగా 2జీ నుంచి తీసి 4జీకి ఇచ్చుకుంటున్నాయి. ఇందులో ఒక వింత ఉంది. 2జీ తర్వాత పుట్టిన 3జీ దానికంటే ముందే పోయింది. ఎయిర్‌టెల్ 2020లోనే 3జీ మూసేసి, 2జీని మాత్రం ఉంచుకుంది. జియోకైతే 2016 సెప్టెంబరు 5న మొదలైన నాటి నుంచే 2జీ, 3జీ రెండూ లేవు. అంటే ఊళ్ళో సగం మంది చేతుల్లో ఉన్న సిమ్ము మా డబ్బాలో పెడితే ఎప్పటికీ పనిచేయదు. ఈ మాట రైతులకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టేది. "ఫోనులో వేస్తే పనిచేస్తోంది కదా బాబాయ్" అనేవాళ్ళు.

నిజానికి ఈ భాషల గొడవ నాకు కొత్త కాదు. 2003లో నేను గవర్నరుపేటలో ఒక ఫోన్ల కొట్లో పనిచేసేవాణ్ణి. ఆ ఏడాది వానాకాలంలోనే రిలయన్స్ వాళ్ళు 501 రూపాయలు కడితే ఫోను చేతిలో పెట్టారు. 'మాన్‌సూన్ హంగామా' అని పేరు. కొట్టు ముందు సినిమా టిక్కెట్ల లైను. అది సీడీఎంఏ ఫోను. టాటా ఇండికామ్ కూడా అదే. మిగతా కంపెనీలవి జీఎస్‌ఎం. జీఎస్‌ఎం ఫోనుకు సిమ్ము ఉండేది, ఈ ఫోన్లకు ఉండేది కాదు. నంబరు ఫోనులోనే ఎక్కించి ఇచ్చేవాళ్ళం. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా ఒకాయన ఏడాది తర్వాత వచ్చి, "కంపెనీ మారతానయ్యా, సెట్టు మాత్రం ఇదే ఉంచు" అన్నాడు. కుదరదండీ అంటే నన్ను దొంగను చూసినట్టు చూశాడు. చివరికి నోకియా 1100 కొనుక్కుని, పాత సెట్టును నా బల్ల మీదే వదిలేసి పోయాడు.

రెండింటికీ తేడా ఏమిటని కుర్రాళ్ళు అడిగితే ఇప్పటికీ బస్టాండు కథే చెబుతాను. జీఎస్‌ఎం రేషన్ షాపు లైను లాంటిది. ఒకే ఛానల్లో ఎనిమిది మంది, ఒక్కొక్కరికి ఒక్కో వంతు. మన వంతు సెకనులో వెయ్యో వంతుకు సగం కంటే కాస్త ఎక్కువ ఉంటుంది, సెకనుకు 217 సార్లు వస్తుంది. సీడీఎంఏ మన పండిట్ నెహ్రూ బస్టాండు. కండక్టర్లందరూ ఒకేసారి తెనాలి, ఏలూరు, గుంటూరు నాన్‌స్టాప్ అని అరుస్తుంటారు. గుంటూరు వెళ్ళేవాడి చెవికి గుంటూరే వినపడుతుంది. అందరూ ఒకే తరంగం మీద మాట్లాడతారు, ఎవరి కోడ్ వాళ్ళకుంటుంది.

ఆ 217 సంగతి పుస్తకం చదివి తెలుసుకున్నది కాదు. రేడియో పక్కన పాత ఫోను పెడితే కాల్ వచ్చే ముందు "టుక్ టుక్ టుక, డిర్ర్" అని మోగేది గుర్తుందా? అదే. వంతు వచ్చినప్పుడల్లా ఫోను ఒక్కసారిగా గట్టిగా అరుస్తుంది, మళ్ళీ ఊరుకుంటుంది. మా మొదటి డబ్బాలు కాల్ రాగానే ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేవి. నెల రోజులు పట్టింది కారణం దొరకడానికి. ఆ అరుపు అరిచిన క్షణంలో మాడ్యూలు రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. మా పవర్ సప్లై తట్టుకోలేకపోయేది. పక్కనే కాస్త కరెంటు దాచిపెట్టుకునే పెద్ద కెపాసిటరు ఒకటి పెట్టాక దారికొచ్చింది. బోర్డు మీద కూజాలా నిలబడి ఉండే ఆ కెపాసిటరును మా కుర్రాళ్ళు 'మరచెంబు' అంటారు.

సరే, 4జీ డబ్బా చేయక తప్పదని తేలింది. మాడ్యూళ్ళు తెప్పించాను. 'క్యాట్-1 బిస్' అనే రకం. సెకనుకు పది మెగాబిట్ల వేగం, ఒకటే యాంటెన్నా, మాలాంటి వాళ్ళకు ఇదే చవక. చవక అంటే, 2జీ మాడ్యూలు మాకు 250 రూపాయల లోపు పడేది, ఇది 700 దాటింది. అక్కడితో అయిపోలేదు. మొదట తెప్పించిన పది మాడ్యూళ్ళూ డేటాకు మాత్రమే. మిస్డ్ కాల్ తీసుకోవు! 4జీలో మామూలు కాల్ అనేది లేదు, మాట కూడా డేటాగానే పోవాలి, దాన్నే వోల్టీఈ అంటారు. దానికి మాడ్యూల్లో వేరే సాఫ్ట్‌వేర్ ఉండాలి, ఆ కంపెనీ నెట్‌వర్కు దాన్ని ఒప్పుకోవాలి. యాప్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అని మా బావమరిది అన్నాడు. అరవై ఏళ్ళ రైతుకు యాప్ ఇచ్చి చూడు, తర్వాత మాట్లాడదాం అన్నాను. వోల్టీఈ ఉన్న మాడ్యూలు దొరికి, ఒక నెట్‌వర్కులో రింగు పడి, రిలే కొట్టేసరికి 2024 సంక్రాంతి దాటింది.

అసలు కథ ఆ వేసవిలో మొదలైంది. కోయంబత్తూరులో మోటార్లు తయారుచేసే కంపెనీ ఒకటి మా డబ్బా చూసి ముచ్చటపడింది. మూడు వేల డబ్బాలు, ఒక్కోటి 2,900 రూపాయలు. తమ మోటారుతో కలిపి సెట్టుగా అమ్ముకుంటారట. మా షెడ్డు చరిత్రలో అంత పెద్ద ఆర్డరు లేదు. ఒప్పందం కాగితాలు మెయిల్లో వచ్చాయి, 22 పేజీలు. నేను రేటు, గడువు, అడ్వాన్సు చూసి సంతకానికి సిద్ధమయ్యాను. మా బావమరిది మాత్రం అన్నం మానేసి మొత్తం చదివాడు.

"బావా, పద్నాలుగో షరతు చూశావా?"

"ఏముంది?"

"ఈ డబ్బాలో ఉన్న దేని మీదైనా, ఎవరైనా, ఎప్పుడైనా పేటెంటు ఉందని వస్తే నష్టం మొత్తం మనదే. లాయరు ఖర్చులతో సహా. ఇంతవరకు అని హద్దు లేదు. ఈ ఒక్క పేరాతో షెడ్డు, ఇల్లు, మా అక్క నగలు రాసిచ్చేసినట్టే."

డిజైను మనదే కదా, ఎవడొస్తాడు అనుకున్నాను. బోర్డు నేను గీసింది, ప్రోగ్రాము నేను రాసింది. కానీ మాడ్యూలు? అందులోని 4జీ ఎవరిది? వాళ్ళనే అడుగుదామని మాడ్యూళ్ళు అమ్మిన డీలరుకు మెయిల్ పెట్టాను. ఈ మాడ్యూలుకు పేటెంటు లైసెన్సులన్నీ ఉన్నాయని ఒక కాగితం ఇవ్వండి, అంతే. మొదటి మెయిల్‌కు జవాబు లేదు. రెండోదానికి వారంటీ పత్రం పంపారు. మూడోసారి ఫోన్ చేసి గట్టిగా అడిగితే, అదే పత్రంలో ఆరో పేజీ కింద సన్న అక్షరాలు చూడమన్నారు. భూతద్దం పెట్టి చదివినట్టు చదివాను. మాడ్యూలు మీద పేటెంటు గొడవ వస్తే చూసుకుంటాం, 'టెలికాం ప్రమాణాలకు (స్టాండర్డ్స్‌కు) సంబంధించినవి తప్ప' అని ఉంది. 4జీ మాడ్యూల్లో టెలికాం ప్రమాణం తప్ప ఇంకేముంటుంది నాయనా! గొడుగు అమ్మి, వాన మినహా అన్నిటికీ గ్యారంటీ అన్నట్టుంది.

అప్పుడే తెలిసినవాళ్ళు ఒక లాయరు మేడమ్ పేరు చెప్పారు. శాతవాహన ఎక్కి హైదరాబాదు వెళ్ళాను. డబ్బా సంచిలో పెట్టుకుని మరీ. ఆవిడ డబ్బా మూత తీసి, మాడ్యూలు మీద ఉన్న రేకు డబ్బీని పెన్నుతో తట్టి, "మీరు గీసిందంతా దీని బయట ఉంది. గొడవంతా దీని లోపల ఉంది" అన్నారు. ఆ రోజు రెండు గంటల్లో విన్నదీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి చెబుతాను.

4జీ లాంటి ప్రమాణాన్ని ఒక్కరు తయారుచేయరు. క్వాల్‌కామ్, ఎరిక్సన్, నోకియా, హువావే, ఇంకా చాలా కంపెనీలు కూర్చుని తలా ఒక ముక్క పెడతాయి. ఆ ముక్కల మీద ఎవరి పేటెంట్లు వాళ్ళకుంటాయి. ప్రమాణం పాటిస్తే ఆ పేటెంటును తాకక తప్పదు, పక్కనుంచి వెళ్ళే దారి ఉండదు. అందుకే యూరప్‌లో ఈ ప్రమాణాలు చూసే ఈటీఎస్‌ఐ ఒక నియమం పెట్టింది. నీ పేటెంటు ఇందులో చేరాలంటే అడిగినవాళ్ళకు న్యాయంగా, సమంజసంగా, తరతమ భేదం లేకుండా లైసెన్సు ఇస్తానని మాటివ్వాలి. దీన్ని పొట్టిగా 'ఫ్రాండ్' అంటారు. ఫలానా పేటెంటు తప్పనిసరిది అని చెప్పుకునేది కూడా ఆ కంపెనీయే. నిజంగా తప్పనిసరా కాదా అని ఈటీఎస్‌ఐ తనిఖీ చేయదు.

"టోల్‌గేటు లాంటిదే కదా మేడమ్" అన్నాను.

"మీ కాజ టోల్‌గేటు దగ్గర ఏ బండికి ఎంతో బోర్డు మీద రాసుంటుంది. ఇక్కడ చాలా గేట్లకు బోర్డే ఉండదు. గేట్లు ఎన్నో కూడా ముందే చెప్పరు" అన్నారావిడ.

బోర్డు కట్టినవాళ్ళు కొందరు లేకపోలేదు. 5జీ ఫోనుకు నోకియా మూడు యూరోలకు మించి అడగనంది. ఎరిక్సన్ రెండున్నర నుంచి ఐదు డాలర్లంది. హువావే రెండున్నర డాలర్లు గరిష్ఠమంది. క్వాల్‌కామ్ మాత్రం ఫోను ధరలో శాతం అడుగుతుంది. ఇవన్నీ ఫోన్ల రేట్లు. మోటారు డబ్బా అనే మాట ఆ బోర్డుల మీద నాకు కనపడలేదు.

ఇక్కడే నాకు గవర్నరుపేట కొట్టు గుర్తొచ్చింది. జీఎస్‌ఎం గెలిచింది, సీడీఎంఏ ఓడింది అని మేమంతా అనుకున్నాం. రిలయన్స్, టాటా రెండూ 2009 నాటికి జీఎస్‌ఎం కూడా మొదలుపెట్టాయి కదా. పేటెంట్ల లెక్కలో జరిగింది వేరు. సీడీఎంఏను ఫోన్లలోకి తెచ్చింది క్వాల్‌కామ్. జీఎస్‌ఎం శిబిరం 3జీకి వెళ్ళేటప్పుడు తీసుకున్న డబ్ల్యూసీడీఎంఏలో పనిచేసేది కూడా ఆ కోడ్ పద్ధతే. అంటే యుద్ధం గెలిచినవాళ్ళు ఓడినవాడికి కప్పం కట్టారన్నమాట! దీని మీద ఎరిక్సన్, క్వాల్‌కామ్ ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్టుకుని 1999లో రాజీపడ్డాయి. 4జీలో కోడ్ పద్ధతి పోయింది, ఓఎఫ్‌డీఎంఏ అనే ఇంకో పద్ధతి వచ్చింది. క్వాల్‌కామ్ అప్పటికే, 2006లో, ఆ పద్ధతి మీద పేటెంట్లున్న ఫ్లారియన్ అనే కంపెనీని కొనేసుకుంది. ఆ ముందుచూపుకు దండం పెట్టాలి. సీడీఎంఏ రోజుల్లోనే రాయల్టీ తగ్గించమని రిలయన్స్ క్వాల్‌కామ్‌తో పేచీ పెట్టుకుంది కూడా. 501 రూపాయల ఫోను అమ్ముతూ ఆ సంగతి మాకేం తెలుసు.

మా బావమరిది ఫోన్లో ఇదంతా విని, మనవాళ్ళు సొంతంగా ఒకటి చేసుకోవచ్చు కదా అన్నాడు. చేశారు. ఐఐటీ హైదరాబాదు, ఐఐటీ మద్రాసు వాళ్ళ పనితో '5జీఐ' అని ఒకటి వచ్చింది. పల్లెల్లో ఒక టవరు సిగ్నల్ ఇంకా దూరం పోవాలన్నది దాని ఉద్దేశం. మా రైతులకు కావలసిందే అది. ప్రపంచ టెలికాం సంస్థ ఐటీయూ గుర్తింపు కూడా వచ్చింది. కానీ దేశానికొక వేరే భాష అంటే దానికి వేరే ఫోన్లు, వేరే చిప్పులు, ఖర్చు పెరుగుతుందని ఆపరేటర్లు ఒప్పుకోలేదు. చివరికి దాన్ని ప్రపంచ ప్రమాణంలోనే కలిపేశారు. చైనా వాళ్ళు 3జీలో టీడీ-ఎస్‌సీడీఎంఏ అని సొంతది పెట్టి 2009లో దేశమంతా నడిపించారు. అంత పెద్ద దేశం కాబట్టి నడిచింది.

నేను అసలు అడగాల్సింది అడిగాను. మేడమ్, ఎంతవుతుంది?

ఆవిడ ఒక కాగితం తీసి నా చేతే లెక్క కట్టించారు. ఊరికే అనుకుందాం, ఒక కంపెనీ ఒక శాతం అడిగింది. మాడ్యూలు ధర మీద అయితే ఏడు రూపాయలు. డబ్బా ధర మీద అయితే 29. ఐదు కంపెనీలు వస్తే 35 ఎక్కడ, 145 ఎక్కడ! డబ్బా మీద మాకు మిగిలేదే 180. అంటే పోట్లాట శాతం మీద కంటే, ఆ శాతం దేని మీద అన్నదాని మీదే ఎక్కువ. మన దేశంలో ఇది తేలని సంగతేం కాదని ఆవిడ చెప్పారు. ఎరిక్సన్ 2013లో మైక్రోమ్యాక్స్ మీద, తర్వాత ఇంటెక్స్, షావోమీ, లావాల మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. చిప్పు ధర మీద లెక్కకట్టాలని ఫోన్ల కంపెనీల వాదన, ఫోను ధర మీద అని ఎరిక్సన్ వాదన. 2024 మార్చిలో లావా కేసులో తీర్పొచ్చింది, 244 కోట్లు కట్టమని. లెక్క ఫోను ధర మీదే వేశారు.

అది విని నా గుండె జారింది. నా డబ్బా కోయంబత్తూరు మోటారుతో కలిసి సెట్టుగా అమ్ముడుపోతుంది. రేపు సెట్టు మొత్తం ధర మీద అడిగితే? వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ కార్ల విషయంలో అచ్చంగా ఈ గొడవే జరిగింది. నోకియా జర్మనీలో బెంజి కార్లు చేసే డైమ్లర్ మీద కేసు వేసింది. మాడ్యూళ్ళు సరఫరా చేసేవాళ్ళకే లైసెన్సు ఇవ్వమని డైమ్లర్, కారు చేసేవాడే తీసుకోవాలని నోకియా. 2021లో డైమ్లర్ లైసెన్సు తీసుకుని రాజీ చేసుకుంది. అవాన్సీ అని చాలా కంపెనీల పేటెంట్లను ఒక మూటగా కట్టి అమ్మే సంస్థ ఉంది, అది శాతం జోలికి పోకుండా కారుకింత అని వసూలు చేస్తుంది. 5జీ కారుకు 32 డాలర్లు. చిన్న కారైనా, బెంజి అయినా అంతే.

మేడమ్ నన్ను చూసి నవ్వారు. "భయపడకండి. మూడు వేల డబ్బాల కోసం ఎవరూ విమానం ఎక్కి విజయవాడ రారు. వస్తే మీ కోయంబత్తూరు కంపెనీ దగ్గరకు వస్తారు, అది పెద్దది కాబట్టి. ఆ కంపెనీ పద్నాలుగో షరతు పట్టుకుని మీ దగ్గరకు వస్తుంది. మీకు ప్రమాదం పేటెంటుతో కాదు, మీ సంతకంతో."

ఆవిడ ఇంకో మూడు ముక్కలు చెప్పారు, అవి బాగా పనికొచ్చాయి. పేటెంటు ఇచ్చిన దేశంలోనే చెల్లుతుంది, కాబట్టి ఇండియాలో అమ్మే వస్తువుకు ఇండియాలో ఉన్న పేటెంట్లే లెక్క, ఒప్పందంలో 'ప్రపంచంలో ఎక్కడైనా' అన్న మాట కొట్టేయించాలి. పేటెంటు ఆయుష్షు దరఖాస్తు పెట్టిన నాటి నుంచి ఇరవై ఏళ్ళు. తొంభైల నాటి 2జీ పేటెంట్లకు ఆ గడువు తీరిపోయింది, మా పాత డబ్బా జోలికి ఎవరూ రాకపోవడానికి అదీ ఒక కారణం. మూడోది, ఎప్పుడైనా పేటెంటు కంపెనీ నుంచి ఉత్తరం వస్తే చెత్తబుట్టలో వేయకూడదు. జవాబివ్వకుండా సాగదీసేవాణ్ణి కోర్టు లైసెన్సు ఇష్టంలేనివాడిగా చూస్తుంది. కేసు తేలకముందే డబ్బు డిపాజిట్ కట్టించొచ్చు కూడా, 2023లో ఒప్పో చేత అలాగే కట్టించారు.

ఫీజు 25,000. దాదాపు 140 డబ్బాల లాభం. తిరుగు రైల్లో అదే లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. కానీ ఆ రెండు గంటలు లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కోయంబత్తూరుతో బేరం మూడు వారాలు నడిచింది. వాళ్ళ పర్చేజు మేనేజరు మర్యాదస్తుడే, కానీ ప్రతిసారీ ఒకటే పాట. "ఇది మా స్టాండర్డ్ ఫార్మాట్ సార్, అందరూ సంతకం పెట్టారు." ప్రమాణాలతోనే కదా నాకు ఈ తంటా అంతా, మళ్ళీ ఈయన నోట అదే మాట. నేను కోపం తెచ్చుకోకుండా ఒక్కటే అడిగాను. "పేటెంటువాళ్ళు చివరి వస్తువు అమ్మేవాడినే పట్టుకుంటారని కోర్టుల్లో చెబుతున్నారు. చివరి వస్తువు అమ్మేది మీరా, నేనా సార్?" ఫోన్లో కాసేపు మాట లేదు. తర్వాత వాళ్ళ లాయరుతో మాట్లాడి చెబుతానన్నాడు.

నాలుగో చిత్తుకు దారికొచ్చింది. నేను గీసిన బోర్డు, నేను రాసిన ప్రోగ్రాము మీద గొడవ వస్తే బాధ్యత నాది, అదీ వాళ్ళు నాకు ఇచ్చిన డబ్బుకు మించకుండా. టెలికాం ప్రమాణాల పేటెంట్లు నా బాధ్యత కాదు, ఉత్తరం వస్తే ఇద్దరం కూర్చుని మాట్లాడుకోవాలి. ఇండియా వరకే. దీనికి బదులుగా డబ్బాకు 35 రూపాయలు తగ్గించాను. మిగిలేది 145కు వచ్చింది. మా బావమరిదికి ఆ తగ్గింపు నచ్చలేదు, ఇంకా బిగించి ఉండాల్సింది అంటాడు. నాకు రాత్రి నిద్ర పడితే చాలనిపించింది. మాడ్యూళ్ళ డీలరు చేత కూడా ఒక ఉత్తరం రాయించగలిగాను. అందులో చిప్పు ఎవరిదో, సరుకు అసలుదేనని మాత్రం ఉంది. పేటెంట్ల గురించి ఒక్క ముక్క రాయలేదు, ఎంత బతిమాలినా.

డిసెంబరులో కొల్లిపర రైతుకు కొత్త డబ్బా బిగించాను. పాత సిమ్ము కంపెనీ నెట్‌వర్కులో మా మాడ్యూలు వోల్టీఈ ఇంకా సరిగా పలకడం లేదు, అందుకని వేరే కంపెనీ సిమ్ము, కొత్త నంబరు. ఆయన గట్టు మీద నిలబడి మిస్డ్ కాల్ ఇచ్చాడు. రింగు పడ్డాక నాలుగు సెకన్లకు కాంటాక్టరు ధడేల్‌మంది, కాసేపటికి పైపులో గాలి దగ్గి నీళ్ళు పడ్డాయి. "పాతది ఇంకాస్త తొందరగా కొట్టేది బాబాయ్" అన్నాడు. నిజమే.

పాత డబ్బా సిమ్ముతో సహా షెడ్డుకు తెచ్చాను. మరచెంబు కెపాసిటరు ఎలా ఉందో చూద్దామని మా కుర్రాడు దానికి కరెంటు ఇచ్చి బెంచి మీద వదిలేశాడు. ఆటోనగర్‌లో 2జీ ఇంకా బాగానే ఉంది. లైటు నిదానంగా, మూడు సెకన్లకోసారి వెలుగుతోంది. మర్నాడు పొద్దున షెడ్డు తీసి టీ తాగుతుంటే బెంచి మీద నుంచి 'టక్' అని వినపడింది. రిలే పడింది. మోటారు లేదు, తీగ లేదు, డబ్బా మాత్రం తన పని తాను చేసింది. రైతుకు ఫోన్ చేశాను.

"మా నాన్న అయ్యుంటాడు బాబాయ్. ఆయన ఫోన్లో 'మోటారు' అని పాత నంబరే ఉంది. ఇంకా తిరగలేదేంటని తిడుతున్నాడిక్కడ. సాయంత్రం మారుస్తాలే."

ఫోను పెట్టేలోపే బెంచి మీద మళ్ళీ టక్ మంది.